మందు కొట్టేముందు ఒక మాట చెప్పండి

మా పెదనాన్న మలేరియా డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ భాగం విశాఖ ఏజెన్సీలోనే గడిచింది, పాడేరు చుట్టుపక్కల ఊళ్ళలో. పోయిన నెల ఆయన దగ్గర్నుంచి ఒక వాట్సాప్ ఫార్వర్డ్ వచ్చింది. పైన అమెరికా రచయిత్రి, జీవశాస్త్రవేత్త రేచల్ కార్సన్ ఫోటో, కింద నాలుగైదు వాక్యాలు. ఈవిడ రాసిన ఒక్క పుస్తకం వల్ల ప్రపంచమంతా డీడీటీ అనే పురుగుమందుని నిషేధించారనీ, దాంతో మలేరియా తిరగబెట్టి కోట్లమంది పిల్లలు చనిపోయారనీ దాని సారాంశం. వెనకాలే ఫోన్ చేశారు. "నువ్వు ఈవిడ గురించి చాలాసార్లు చెప్పావు కదమ్మా, ఇందులో నిజమెంత?" అని అడిగారు.

"అంతా అబద్ధం పెదనాన్నా" అనేశాను. ఆయన కాసేపు ఆగి, "ఊరు ఊరంతా చలిజ్వరంతో పడుకుని ఉంటే నువ్వు చూడలేదమ్మా, నేను చూశాను" అన్నారు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నారు. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు.

ఆ పుస్తకం, 'సైలెంట్ స్ప్రింగ్', నేను ఇంతకుముందు రెండుసార్లు చదివాను. రెండుసార్లూ పక్షుల వైపు నిలబడి చదివాను, చదివినప్పుడల్లా కళ్ళు చెమర్చాయి. ఈసారి మా పెదనాన్న వైపు నుంచి, అంటే ఇంటింటికీ తిరిగి గోడలకి డీడీటీ కొట్టిన మనిషి వైపు నుంచి చదవాలని కూర్చున్నాను. చదవడం పూర్తయ్యాక ఆ ఫార్వర్డ్ మీద నా అభిప్రాయం మారలేదు కానీ, కార్సన్ మనకి ఇచ్చింది ఏమిటన్న దాని మీద మారింది. ఆవిడ పేరు చెప్పగానే అందరికీ డీడీటీ నిషేధం గుర్తొస్తుంది. నాకిప్పుడు అది చాలా చిన్న విషయం అనిపిస్తోంది. మన ఇంటి మీద, మన చేను మీద, మనం తాగే నీళ్ళలో ఏం కలుపుతున్నారో అడిగే హక్కు మామూలు మనిషికి ఉందని, శాస్త్రం తెలిసిన ఒక మనిషి గట్టిగా చెప్పడం అసలు సంగతి. పర్యావరణ ఉద్యమం ఆవిడ దగ్గర్నుంచి భయాన్ని బాగానే నేర్చుకుంది, ఆ అడగడాన్ని మాత్రం సగమే నేర్చుకుందని నా నమ్మకం.

ముందు ఆ ఫార్వర్డ్ సంగతి

పుస్తకం వచ్చింది 1962 సెప్టెంబరులో. కార్సన్ చనిపోయింది 1964 ఏప్రిల్‌లో. అమెరికా డీడీటీ వాడకాన్ని ఆపింది 1972లో, అదీ ముఖ్యంగా పంటల మీద. ప్రజారోగ్యం కోసం అవసరమైతే వాడుకోవచ్చన్నారు, ఎగుమతి కోసం తయారుచేయడం కూడా ఆగలేదు. ఇక ఆ ఫార్వర్డులు ఎప్పుడూ ఉదాహరణగా చూపించే శ్రీలంకలో 1963లో మలేరియా కేసులు 17కి పడిపోయాయి. ఇంకేం, గెలిచేశాం అనుకుని 1964లో పిచికారీ ఆపేశారు. 1968, 69 నాటికి కేసులు ఐదు లక్షలు దాటాయి. వాళ్ళు ఆపింది పుస్తకం చదివి కాదు, కేసులు లేవని.

మన దేశం కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. స్వాతంత్య్రం వచ్చిన కొత్తల్లో ఏడాదికి ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చేదని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై, ఊరూరా డీడీటీ కొట్టాక 1960ల మధ్యకి అది లక్ష కేసులకి దిగింది. ఇది చిన్న విజయం కాదు. మా పెదనాన్న ఆ డిపార్ట్‌మెంటు గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ నిటారుగా కూర్చుంటారు, కూర్చోవాలి కూడా. కానీ 1976కి కేసులు మళ్ళీ 64 లక్షలు దాటాయి. ఆ పన్నెండేళ్ళలో మనం డీడీటీని ఒక్కరోజు కూడా నిషేధించలేదు. వ్యవసాయంలో వాడొద్దన్నది 1989లో. మలేరియా కోసమైతే ఆ తర్వాతా కొడుతూనే వచ్చాం, తయారుచేయడానికి ప్రభుత్వ కంపెనీ కూడా ఉండేది. మరి జ్వరం ఎందుకు తిరిగొచ్చింది?

ఇది నేను పెదనాన్ననే అడిగాను. ఆయన చేరింది ఆ తిరగబెట్టిన రోజుల్లోనే. "మందు రావాల్సిన టైముకి వచ్చేది కాదు. వానలు మొదలయ్యాక వచ్చేది. వచ్చింది కదా అని కొడితే, పండక్కి ఇల్లు అలికేసుకునేవారు. మందు మట్టి కింద ఉండిపోతే గోడ మీద వాలిన దోమకి ఏం తగులుతుంది? కొన్నాళ్ళకి, అలకని గోడ మీద కూడా దోమ కూర్చుని హాయిగా లేచిపోయేది" అన్నారు.

ఆ చివరి వాక్యం కార్సన్ పుస్తకంలోని ఒక పూర్తి అధ్యాయం. పురుగులు మందుని తట్టుకోవడం గురించి రాస్తూ ఆవిడ మలేరియా దోమల లెక్క చెప్తారు: మందుకి లొంగని జాతులు 1956లో ఐదు ఉండేవి, 1960 మొదటికి 28 అయ్యాయి. పంటల మీద ఇష్టం వచ్చినట్టు కొట్టిన చోట దోమలు ఇంకా త్వరగా తట్టుకున్నాయి, మధ్య అమెరికా దేశాల్లో పత్తి చేల పక్కన అదే జరిగింది. అంటే డీడీటీని మలేరియా పనికి పనికిరాకుండా చేసినవాళ్ళలో ముందు వరసలో ఉన్నది దాన్ని ప్రతి పురుగు మీదా కుమ్మరించినవాళ్ళు. ఆవిడ కీటకాల వల్ల వచ్చే రోగాలని పట్టించుకోవద్దని ఎక్కడా అనలేదు, రసాయనాలు అసలు వాడొద్దనీ అనలేదు. వాటి ప్రమాదం తెలియని మనుషుల చేతుల్లో విచక్షణ లేకుండా పెట్టేశామన్నది ఆవిడ బాధ. పెదనాన్నకి ఈ పేజీలు తెలుగులో చదివి వినిపిస్తే "ఈ మాట మా ఆఫీసర్లకి అప్పుడే ఎవరైనా చెప్పుంటే బాగుండేది" అన్నారు.

అడగకుండా వచ్చిన విమానం

కార్సన్ సముద్రాల మనిషి. పదహారేళ్ళు అమెరికా ప్రభుత్వ మత్స్య, వన్యప్రాణి శాఖలో పనిచేసి, సముద్రం గురించి రాసిన పుస్తకం 1951లో బెస్ట్ సెల్లర్ అయ్యాక ఉద్యోగం మానేసి రాసుకుంటున్న మనిషి. డీడీటీ గురించి 1945లోనే ఒక వ్యాసం రాస్తానని రీడర్స్ డైజెస్ట్‌ని అడిగితే వాళ్ళు వద్దన్నారు. ఆ తర్వాత పదమూడేళ్ళకి, 1958 జనవరిలో, మసాచుసెట్స్ నుంచి ఓల్గా ఓవెన్స్ హకిన్స్ అనే స్నేహితురాలి ఉత్తరం వచ్చింది. హకిన్స్ దంపతులకి డక్స్‌బరీలో పక్షుల కోసం విడిచిపెట్టిన సొంత స్థలం ఉంది. దోమల కోసమని ప్రభుత్వ విమానం వచ్చి పైనుంచి మందు చల్లి వెళ్ళింది. వెంటనే ఏడు పక్షులు చచ్చిపోయాయి, మర్నాడు గుమ్మం దగ్గరే మూడు పడి ఉన్నాయి, ఏళ్ళతరబడి ఆ చెట్ల మీదే గూళ్ళు కట్టుకుని మనుషులని నమ్మి బతికిన పక్షులు. హకిన్స్ ఆ సంగతి ఒక పత్రికకి రాసి, వాషింగ్టన్‌లో ఎవరైనా సాయం చేయగలరేమో చూడమని కార్సన్‌కి పంపారు.

ఆ ఉత్తరాన్ని చాలామంది పక్షుల కథగా చెప్తారు. నాకు అందులో కనిపించేది ఇంకొకటి: ఆ విమానం వచ్చేముందు హకిన్స్ అనుమతి ఎవరూ అడగలేదు. అంతకుముందు ఏడాది న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లోనూ ఇదే జరిగింది. జిప్సీ మాత్ అనే పురుగుని నిర్మూలిస్తామని నూనెలో కలిపిన డీడీటీని విమానాల నుంచి ఇళ్ళ మీద, కూరగాయల మళ్ళ మీద, పాడి పశువుల మీద, ఆడుకుంటున్న పిల్లల మీద చల్లారు. అక్కడివాళ్ళు కోర్టుకెళ్ళారు, ఓడిపోయారు. సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు, జస్టిస్ డగ్లస్ ఒక్కరే వినాల్సిన కేసు అని రాశారు. కానీ ఆ కేసులో పోగైన సాక్ష్యాలే కార్సన్ పుస్తకానికి తొలి ముడిసరుకు అయ్యాయి. గృహిణులు, తోటలు పెంచేవాళ్ళు, పక్షులని లెక్కపెట్టడం అలవాటున్నవాళ్ళు రాసుకున్న మాటలని ఆవిడ చులకన చేయలేదు. అలాగని అవి చాలని కూడా అనుకోలేదు. ప్రతిదానికీ పక్కన ఒక పరిశోధనా పత్రం వెతికారు. పుస్తకం చివర యాభై అయిదు పేజీల ఆధారాలు ఉన్నాయి. మామూలు మనిషి ఫిర్యాదునీ ల్యాబ్ లెక్కనీ ఒకే బల్ల మీద పెట్టి, రెండూ కలుస్తున్నాయో లేదో చూడటం, ఇది నేను ఆవిడ దగ్గర అన్నిటికంటే ఎక్కువ గౌరవించే పని.

అదే 1958లో మన దేశంలో ఏం జరిగిందో ఇక్కడ చెప్పాలి. కేరళలో గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఓడలో ఆ బస్తాల దగ్గరే పారాథియాన్ అనే పురుగుమందు వచ్చింది, అది కారి పిండిలో కలిసింది. దాని మీద విచారణ కమిషన్, తర్వాత నిపుణుల కమిటీ, ఆ దారిలో చివరికి 1968లో పురుగుమందుల చట్టం వచ్చాయి. మన చట్టం కార్సన్ వల్ల రాలేదు, మనవాళ్ళ చావుల వల్ల వచ్చింది. ఆవిడ పుస్తకంలోనూ పారాథియాన్ ఉంది, డీడీటీ కంటే భయంకరంగా. అందుకే, ఆవిడ పుస్తకం ప్రపంచంలో ప్రతి మంచి చట్టానికీ తల్లి అన్నట్టు రాసేవాళ్ళతో నేను ఏకీభవించను.

ఏడు కోట్లలో ఒక వంతు

పుస్తకంలో నన్ను ఎప్పుడూ ఆపేసే భాగం కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్. ఆ చెరువు దగ్గర ఒక రకం చిన్న ఈగలు ఉండేవి. కుట్టవు, రక్తం తాగవు, ఊరికే గుంపులుగా ముసురుతాయి. చేపలు పట్టడానికి వచ్చేవాళ్ళకి చికాకు. 1949లో డీడీటీకి చెల్లెలులాంటి డీడీడీ అనే మందు కలిపారు. చాలా జాగ్రత్తగానే కలిపారు. చెరువు నీళ్ళ పరిమాణం లెక్కగట్టి, ఏడు కోట్ల పాళ్ళ నీళ్ళకి ఒక పాలు మందు. ఈగలు మళ్ళీ వస్తే 1954లో, 1957లో ఐదు కోట్లకి ఒకటి చొప్పున కలిపారు.

ఆ చెరువు మీద గ్రీబ్ అనే పక్షులు ఉండేవి, నీళ్ళలో మునిగి చేపలు పట్టుకునేవి. 1954 చలికాలం నుంచి అవి చచ్చిపోవడం మొదలైంది. అంటురోగమేమో అనుకున్నారు, ఏ రోగమూ కనబడలేదు. చివరికి ఎవరికో వాటి కొవ్వు పరీక్షించాలని తోచింది. పదిలక్షల పాళ్ళకి 1,600 పాళ్ళ మందు ఉంది. నీళ్ళలో చూస్తే దాదాపు కనబడని మందు, నాచులాంటి సూక్ష్మజీవుల్లో ఐదు పాళ్ళైంది, వాటిని తిన్న చేపల్లో వందలైంది, చేపలని తిన్న పక్షిలో వేలైంది. వెయ్యి జంటలుండే చోట 1960కి ముప్పై జంటలు మిగిలాయి, అవీ పిల్లల్ని చేయలేదు.

ఇవాళ దీన్ని స్కూలు పిల్లలు పాఠంగా చదువుతారు కాబట్టి మనకి కొత్తగా అనిపించదు. కానీ 1962లో మామూలు పాఠకుడికి ఇది ఎంత పెద్ద దెబ్బో ఊహించండి. "కొంచెమే కలిపాం" అనే మాటకి అప్పటిదాకా తిరుగులేదు. ఆ కొంచెం ఎక్కడికీ పోదు, ఒకరి ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి చేరుతూ పోగవుతుంది అని చెప్పడానికి ఆవిడ సమీకరణాలు రాయలేదు, ఒక చెరువుని చూపించారు. మిషిగన్ కథ కూడా అంతే. ఎల్మ్ చెట్లకి కొట్టిన డీడీటీ రాలిన ఆకుల్లో, ఆకులు తిన్న వానపాముల్లో, వాటిని తిన్న రాబిన్ పిట్టల్లో. పదకొండు పెద్ద వానపాములు తింటే చాలు పిట్ట చచ్చిపోవడానికి. ఈ పదకొండు అనే అంకె ఒక్కసారి విన్నవాళ్ళెవరూ మర్చిపోలేరు. సముద్రం గురించి ఇరవై ఏళ్ళు రాసి సంపాదించుకున్న చెయ్యి అది.

నాకున్న అనుమానాలు

పెదనాన్న వైపు నుంచి చదివినప్పుడు కొన్ని చోట్ల నాకు ఇబ్బందిగానే అనిపించింది, దాచుకోను.

ఒకటి, పుస్తకం మొదట్లో వచ్చే ఊరు. పక్షులు లేని, పువ్వులు లేని, పిల్లలు చనిపోయే ఆ ఊరు ఎక్కడా లేదు, వేర్వేరు చోట్ల జరిగినవి కలిపి కట్టిన కథ అది. ఆవిడ ఆ మాట అక్కడే చెప్పారు. అయినా అందరికీ గుర్తుండిపోయింది ఆ ఊరే, యాభై అయిదు పేజీల ఆధారాలు కావు. తర్వాత వచ్చిన చాలామంది ఉద్యమకారులు ఆ మొదటి రెండు పేజీలని పాఠంగా తీసుకున్నారు. ఏ సమస్యకైనా ఒక శ్మశానం బొమ్మ గీసి మొదలుపెట్టడం మనకి అలవాటైపోయింది. వినేవాళ్ళు మొదట భయపడతారు, రెండోసారి విసుగుపడతారు, మూడోసారి నమ్మరు.

రెండు, క్యాన్సర్ గురించి రాసిన అధ్యాయాలు. క్యాన్సర్ పెరగడాన్ని కొత్త రసాయనాలకి ముడిపెట్టడంలో ఆవిడ అప్పటి ఆధారాలు మోయగలిగినదానికంటే ఎక్కువ బరువు పెట్టారని నాకనిపిస్తుంది. పొగాకుకి ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదు. పక్షుల గుడ్ల సంగతి దీనికి తిరగబడ్డ కథ. పెంకులు పలచబడి పగిలిపోతున్నాయని శాస్త్రవేత్తలు లెక్కలతో చూపించింది ఆవిడ పోయాక, 1967, 68లలో. అక్కడ ఆవిడ భయపడినదానికంటే నిజమే పెద్దదిగా తేలింది. 1963లో అలాస్కా మినహా అమెరికా రాష్ట్రాల్లో ఐదువందల జంటల లోపే మిగిలిన బట్టతల గద్దలు, 2007 నాటికి పదివేల జంటలకి దగ్గరయ్యాయి. డీడీటీ ఆపడం దానికి ముఖ్య కారణం.

మూడోది అన్నిటికంటే బరువైనది. డీడీటీ మనుషులని ఎంతమందిని బతికించిందో ఆవిడ తగినంతగా చెప్పలేదు. పెదనాన్న మాటల్లో చెప్పాలంటే, "మేం చేసిన పని ఈ పుస్తకంలో కనబడదమ్మా." అవును, దాదాపు కనబడదు. ఆవిడ రాస్తున్నది మలేరియా అప్పటికే పోయిన దేశంలో కూర్చుని. ఆ దూరం తర్వాత ఉద్యమంలోనూ కొనసాగింది. ఎన్నేళ్ళైనా నశించని విషరసాయనాలని అరికట్టే స్టాక్‌హోమ్ ఒప్పందం కోసం చర్చలు జరుగుతున్నప్పుడు 2007 కల్లా డీడీటీని ప్రపంచమంతా పూర్తిగా ఆపేయాలని పర్యావరణ సంస్థల నుంచే డిమాండ్ వచ్చింది. మలేరియా మీద పనిచేసేవాళ్ళు గట్టిగా అడ్డుపడ్డారు కాబట్టి 2001లో ఒప్పందం కుదిరేనాటికి రోగాల నియంత్రణకి మినహాయింపు దక్కింది. అక్కడ నేను మలేరియా వాళ్ళ పక్షం. పాడేరులో పిల్ల జ్వరంతో వణుకుతుంటే ఆ ఇంటి గోడకి ఏం కొట్టాలో జెనీవాలో పక్షుల ప్రేమికులు తేల్చకూడదు.

ఈ దూరాన్ని చూపించే తారీకు ఒకటి ఉంది. అమెరికాలో డీడీటీ నిషేధం ప్రకటించింది 1972 జూన్ 14న. సరిగ్గా అదే రోజు స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సులో ఇందిరాగాంధీ మాట్లాడారు. పేదరికం, అవసరం, ఇవే అందరికంటే పెద్ద కాలుష్యకారకాలు కావా అని అడిగారు. ఆ రెండూ ఒకే రోజు జరగడం కాకతాళీయమే. అయినా నేను ఆ రెండు వార్తలనీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు ఆలోచించాను. ఇందిర ప్రశ్న సరైనదే, దాన్ని అడ్డం పెట్టుకుని తర్వాత చాలామంది చాలా విషాన్ని సమర్థించుకున్న మాట కూడా నిజమే.

డాక్టరు చెప్పని మాట

పై అనుమానాలన్నీ పెట్టుకుని కూడా నేను ఆవిడ పక్షానే ఉన్నాను. కారణం పుస్తకంలో ఒక అధ్యాయం చివర ఉదహరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ రోస్తాఁ మాట. భరించాల్సింది మనమే అయినప్పుడు తెలుసుకునే హక్కూ మనదే అని దాని భావం.

ఆ హక్కు విలువ ఆవిడకి ఎంత దగ్గరగా తెలిసిందో చూడండి. పుస్తకం సగంలో ఉండగా, 1960 ఏప్రిల్‌లో ఆవిడకి రొమ్ము ఆపరేషన్ జరిగింది. అది క్యాన్సరని సర్జన్ చెప్పలేదు. అడిగితే కూడా సూటిగా చెప్పలేదు, తర్వాత చికిత్స అవసరం లేదన్నట్టు పంపేశారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి ఇలాంటి విషయం చెప్పాల్సివస్తే భర్తకి చెప్పేవాళ్ళు, ఆవిడకి పెళ్ళి కాలేదు. డిసెంబరులో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాక నిజం తెలిసింది. ఎనిమిది నెలలు పోయాయి. తన ఒంట్లో ఏముందో తనకే చెప్పని మనుషుల మధ్య కూర్చుని, జనం ఒళ్ళలోకి ఏం వెళ్తోందో జనానికి చెప్పాలని ఆవిడ రాశారు. ఈ రెండు విషయాలనీ ఆవిడ ఎక్కడా కలిపి చెప్పుకోలేదు. తన జబ్బు సంగతి బయట తెలిస్తే కంపెనీలు దాన్ని సాకుగా చేసుకుని పుస్తకాన్ని కొట్టేస్తాయని దాచిపెట్టారు.

కంపెనీల భయం ఊరికే పెట్టుకున్నది కాదు. వెల్సికోల్ అనే రసాయనాల కంపెనీ ప్రచురణకర్తని ముందే బెదిరిస్తూ ఉత్తరం రాసింది. మోన్‌శాంటో, పురుగుమందులు లేని ప్రపంచం ఎలా ఉంటుందో అని ఎదురు కథ అచ్చేసింది. టైమ్ పత్రిక హిస్టీరియా అనే అర్థం వచ్చే మాట వాడింది. ఆవిడ లెక్కలని ఎవరూ పెద్దగా కదిలించలేకపోయారు కాబట్టి ఆవిడ ఆడమనిషి కావడాన్ని పట్టుకున్నారు. 1963 ఏప్రిల్‌లో సీబీఎస్ టీవీ కార్యక్రమంలో ఆవిడ నెమ్మదిగా, గొంతు పెంచకుండా మాట్లాడటం, పక్కన కంపెనీ తరఫున తెల్లకోటు వేసుకున్న శాస్త్రవేత్త చీకటి యుగాలు వస్తాయని హెచ్చరించడం కోటిమందికి పైగా చూశారు. తర్వాతి నెల అధ్యక్షుడు కెన్నెడీ సైన్సు సలహా సంఘం రిపోర్టు వచ్చింది, చాలావరకు ఆవిడ చెప్పిందే చెప్పింది. జూన్‌లో సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పినప్పుడు ఆవిడ తల మీద ఉన్నది విగ్గు. ఇంటి మీద చల్లే విషం నుంచి భద్రంగా ఉండటం పౌరుడి హక్కు అని అక్కడ చెప్పారు. ఇంకో పది నెలలు మాత్రమే బతికారు.

ఏ మందో అడిగితే

మా అత్తగారిది ప్రకాశం జిల్లా. పత్తి ఊరు. అక్కడ ఇప్పటికీ 1987ని "తెల్లదోమ ఏడు" అంటారు. కొత్తగా వచ్చిన ఖరీదైన మందులు వారానికోసారి, కొందరు మూడురోజులకోసారి కొట్టారు. పచ్చపురుగు చావలేదు, దాన్ని తినే మిత్రపురుగులు చచ్చాయి, ఎప్పుడూ పెద్దగా పట్టించుకోని తెల్లదోమ అనే రసం పీల్చే పురుగు చేనంతా కమ్మేసింది. అప్పులపాలై గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు చేనుకి తెచ్చిన ఆ మందే తాగారు. మా మామగారిని "ఏ మందు కొట్టాలో ఎవరు చెప్పేవారు?" అని అడిగితే, "మందుల కొట్టు ఆయనే. అప్పు ఇచ్చేది ఆయనే, మందు ఇచ్చేది ఆయనే, పంట కొనేదీ ఆయనే. డబ్బా మీద రాసింది చదవగలిగితే కదమ్మా అడగడానికి" అన్నారు. డబ్బా మీద ఎర్ర త్రికోణం అంటే అన్నిటికంటే ప్రమాదకరమని ఆయనకి తెలిసింది తమ్ముడు ఆసుపత్రి పాలయ్యాక.

కార్సన్ పుస్తకం చివరి అధ్యాయంలో విషం లేని దారుల గురించి ఆశగా రాస్తారు. అందులో బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా కూడా ఉంది. అదే మన బీటీ. నలభై ఏళ్ళ తర్వాత, 2002లో, దాని జన్యువుని పత్తి గింజలోనే పెట్టి మనకి అమ్మారు. మొదట్లో మందుల ఖర్చు తగ్గింది. తర్వాత దేశమంతా అదే విత్తనం వేసేసరికి గులాబీరంగు పురుగు దాన్నీ తట్టుకుంది. ఆవిడ ఆశ, ఆవిడ హెచ్చరిక రెండూ ఒకే గింజలో నిజమయ్యాయి. దీనికి ఎదురుగా నాకు ధైర్యాన్నిచ్చేది పాల్వంచ దగ్గరి పునుకుల. అక్కడి రైతులు, ముఖ్యంగా ఆడవాళ్ళు, మందులకయ్యే అప్పు లెక్కేసి, ఒంటికి జరిగిన హాని చూసి, 2000 తర్వాత పురుగుమందులు పూర్తిగా మానేశారు. వేప కషాయం, మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, ఎర పంటగా ఆముదం, చేలో పక్షులు వాలడానికి కొమ్మలు పాతడం. పిట్టలొచ్చి పురుగుల్ని తిన్నాయి. వాళ్ళలో ఎవరూ కార్సన్‌ని చదివి ఉండరు. తమ లెక్క తామే వేసుకుని అడిగారు, ఆవిడ కోరుకున్నది అదే.

ఇక్కడ హైదరాబాదులో మాకు ఆ అడగడం ఎంత రాదో చెప్తాను. మొన్న వానల్లో మా అపార్ట్‌మెంటులో దోమలకి ఫాగింగ్ చేశారు. ముందు ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం పిల్లలు ఆడుకుంటుండగానే మిషన్ వచ్చింది, పిల్లలు కేరింతలు కొడుతూ ఆ తెల్లపొగలో పరిగెత్తారు. 1950ల అమెరికాలో డీడీటీ బండి వెనక పిల్లలు పరిగెత్తే ఫోటోలు చూసినవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. మిషన్ పట్టుకున్న అబ్బాయిని ఏ మందని అడిగాను. "దోమల మందు మేడం" అన్నాడు. డబ్బా మీద లేబుల్ లేదు. అతని మూతికి గుడ్డ కూడా లేదు. అసోసియేషన్ గ్రూపులో అడిగితే ఒకరు "డెంగ్యూ వస్తే తెలుస్తుంది" అని పెట్టారు, పదహారు లైకులు వచ్చాయి. నేను మందు కొట్టొద్దనలేదు. ఏ మందో చెప్పమన్నాను, ఒక రోజు ముందు చెప్పమన్నాను.

ఇది పెదనాన్నకి చెప్పినప్పుడు ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "చెప్పకుండా ఎలా కొడతారమ్మా? మేం ముందురోజే వెళ్ళి ఊళ్ళో చెప్పేవాళ్ళం. బియ్యం, అంబలి కుండలు బయట పెట్టుకోమనేవాళ్ళం, పసిపిల్లలని తీసుకెళ్ళమనేవాళ్ళం. వద్దన్న ఇంట్లో కూర్చుని ఎందుకో చెప్పి ఒప్పించేవాళ్ళం. కొట్టాక గోడ మీద తారీకు వేసేవాళ్ళం, ఏ మందో కూడా రాసి." అంటే యాభై ఏళ్ళ కింద ఏజెన్సీలో స్టిరప్ పంపు పట్టుకుని తిరిగిన మా పెదనాన్న, ఆ ఫార్వర్డ్ తయారుచేసినవాళ్ళ కంటే కార్సన్‌కి చాలా దగ్గర మనిషి. ఆయనకి ఆ మాట చెప్పాను. నవ్వారు.

తర్వాత క్లియర్ లేక్ కథ చెప్పాను, ఆయన డిపార్ట్‌మెంటు మనిషి కాబట్టి మొదట మోతాదు అడిగారు. ఏడు కోట్లకి ఒకటి అన్నాను. మళ్ళీ చెప్పమన్నారు, చెప్పాను.

"మేం పది లీటర్లకి కిలో పొడి కలిపేవాళ్ళం" అన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. "గోడకి కొట్టింది గోడకే ఉండేదమ్మా, దానికి నాకు బాధ లేదు. సాయంత్రం పని అయ్యాక పంపులు, బకెట్లు అన్నీ గెడ్డలో కడిగేవాళ్ళం. కిందిపక్క వాళ్ళు చేపలు పట్టుకునేవారు. వాళ్ళకి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు."